బీరువాలో నాన్నగారి రైఫిల్, షెడ్డులో చేసిన బోల్టు పిడి

ప్రశ్న: మాది గుంటూరు. ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడుపుతున్నాను. మా నాన్నగారు 2021లో కాలం చేశారు. ఆయన లైసెన్సు మీద కొన్న పాయింట్ 315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఇంకా ఇంట్లో బీరువాలోనే ఉంది. దాని పనితనమంటే చిన్నప్పటి నుంచీ నాకు ప్రాణం. 2022లో వెర్నియర్‌తో బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) కొలతలు తీసుకుని, కంప్యూటర్‌లో డిజైన్ గీసి, ఈఎన్ 24 రకం ఉక్కు కడ్డీతో కొత్త బోల్టు పిడి, ట్రిగ్గర్ గార్డు చేశాను. ఒక్క తూటా పేల్చలేదు, ఎవరికీ అమ్మలేదు. ఇప్పుడు ఆస్తి పంపకాల గొడవలో మా బావగారు పోలీసులకు చెబుతానంటున్నారు. అమ్మకు నిద్ర పట్టడం లేదు. మూడేళ్లు దాటాయి కాబట్టి కేసు నిలవదని ఒకరన్నారు. ముక్కలు కాలవలో పడేసి, రైఫిల్ ఊళ్లో బాబాయి ఇంట్లో దాచమని ఇంకొకరన్నారు. బావగారి మీద పరువునష్టం దావా వేయవచ్చా?

జవాబు: వద్దు. నిజం చెప్పిన మనిషి మీద ఆ దావా నిలబెట్టడం కష్టం. పైగా ఆయన భార్య, అంటే మీ అక్కగారితో మీకు త్వరలో పని పడబోతోంది. అది కింద చెబుతాను.

మీ కేసు తేలేది ఒక్క మాట మీద: చట్టం దృష్టిలో తుపాకి భాగం కూడా తుపాకే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 నిర్వచనంలో విడిభాగాలతో పాటు తుపాకులు తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. మీ లేత్ అందరికీ పని చేసిపెట్టేదే కాబట్టి దాని గురించి వాదించుకోవచ్చు. కానీ ఆ బోల్టును పట్టుకోవడానికని ప్రత్యేకంగా ఫిక్స్చర్ చేసుకుని ఉంటే దాని సంగతి వేరు. అదుంటే మీ వకీలుకు ముందే చెప్పండి.

సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తయారీయే కాదు, మరమ్మతు కూడా చేయకూడదు. సరదాకి చేశాను, అమ్మలేదు, పేల్చలేదు అన్నవి శిక్ష దగ్గర పనికొస్తాయేమో గానీ నేరాన్ని తుడిచేయవు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం.

సెక్షన్ 45లో చిన్న భాగాలకు మినహాయింపు ఉందని మీకెవరైనా చెబుతారు. ఉన్న మాట నిజమే. కానీ అది సంపాదించడం, దగ్గర ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం గురించే చెబుతుంది, తయారీ ఊసు అందులో లేదు. అదీగాక మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు. మీ పిడి ఏ బోల్టు కొలతలకు చేశారో ఆ రైఫిల్ మీ బీరువాలోనే ఉందే!

కాలపరిమితి మాట మరచిపోండి. నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 514లోని మూడేళ్ల గడువు, మూడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడానికే ఇప్పుడు రెండు నుంచి ఐదేళ్లు. ఆ కేసుకైనా జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. తయారీ కేసుకు అదీ అక్కర్లేదు.

అసలు మీరు ఇన్నేళ్లు ఏం చేస్తున్నట్టు? నాన్నగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. అనవసర జాప్యం లేకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలని సెక్షన్ 21 చెబుతోంది. పిడి గీయడానికి రాత్రుళ్లు కూర్చున్న మీకు, ఆ రైఫిల్ తీసుకెళ్లి జమ చేయడానికి ఒక్క పూట దొరకలేదా?

కాలవ సలహా ఇచ్చినవాణ్ణి ఇంటి గడప తొక్కనివ్వకండి. ముక్కలు పారేసినా, కంప్యూటర్‌లో ఫైళ్లు చెరిపేసినా సాక్ష్యం మాయం చేశారని న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 238, 241 సెక్షన్ల కింద కొత్త కేసు తగులుకుంటుంది. ఫొటోలు ఒక్కరికి వాట్సాప్‌లో పంపి ఉన్నా అవతలి ఫోన్లో మిగిలే ఉంటాయి. ఇక బాబాయి ఇంట్లో రైఫిల్ పెడితే ఆ పెద్దాయన్నీ ముద్దాయిని చేసినట్టే.

ఈ వారంలోనే క్రిమినల్ వకీలును కలవండి. ముందు సెషన్స్ కోర్టులో నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలు అడగండి. తర్వాత వకీలు ద్వారా రైఫిల్, మిగిలిన తూటాలు ఉంటే అవీ, మీరు చేసిన ముక్కలు అప్పగించండి. మీ అంతట మీరు స్టేషన్‌లో కథంతా రాసివ్వకండి. ఉక్కు కొన్న బిల్లు, ఫైళ్ల తేదీలు, నాన్నగారి లైసెన్సు పుస్తకం భద్రంగా ఉంచండి. చేసింది రెండు ముక్కలేనని, బయటికి ఏదీ పోలేదని చూపించేవి అవే.

రైఫిల్ కుటుంబంలో ఉండాలనుకుంటే వారసుడిగా కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో పాటు మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం కావాలి. అక్కగారూ వారసురాలే. ఈ కేసు నడుస్తుండగా లైసెన్సు రావడం కష్టమే, తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు వేయాలి. వచ్చినా అది దగ్గర ఉంచుకోవడానికే. పిడి విరిగినా మరమ్మతు లైసెన్సున్న షాపుకే పంపాలి.

జమ చేసినప్పుడు రసీదు లేకుండా బయటికి రాకండి. దాని మీద రైఫిల్ నంబరు, తేదీ సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి.