మీకిష్టమైన హీరో వేయించిన ప్రీమియర్‌ షోకి ఎప్పుడైనా వెళ్లారా? లోపల ఎలా ఉంటుంది?

వెళ్లాను, ఒకే ఒక్కసారి. హీరో పేరు, సినిమా పేరు, థియేటర్ పేరు అడక్కండి, ఉద్యోగానికి ఎసరొస్తుంది. మిగతాదంతా చెప్తాను.

నేను మాదాపూర్‌లో ఒక వీఎఫ్ఎక్స్ కంపెనీలో పనిచేస్తాను. గ్రాఫిక్స్ అనగానే అందరూ డ్రాగన్లు, రాజమహళ్లు అనుకుంటారు కానీ మా టీమ్ పని తాళ్లు చెరపడం. హీరో గాల్లోకి ఎగిరినప్పుడు నడుముకి కట్టిన వైర్లు మీకు కనపడటం లేదంటే ఎవరో ఒకరు కూర్చుని ఒక్కో ఫ్రేమ్‌లో వాటిని తుడిచారని అర్థం. సెకనుకి 24 ఫ్రేములు. ఆ సినిమాలో నా చేతికొచ్చిన పెద్ద షాట్ నాలుగు సెకన్లు, అంటే 96 ఫ్రేములు, వెనక వాన, పొగ, పైగా కెమెరా కదులుతూ ఉంటుంది, దానికే మూడు వారాలు పట్టింది. సినిమాకి ఆ హీరోనే నిర్మాత కూడా, అందుకని విడుదలకి ముందురోజు రాత్రి పనిచేసినవాళ్లకీ, ఇండస్ట్రీలో తనవాళ్లకీ కలిపి షో వేయించాడు. మా ఆఫీసుకి ఆరు పాసులొచ్చాయి, పనిచేసింది నలభై మందిమి. చీటీలు వేస్తే నా పేరొచ్చింది. పాసుకి ఇద్దరు.

మా బావని తీసుకెళ్లాను. (అక్క ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.) బావది తెనాలి, ఆ హీరో మొదటి సినిమా నుంచి ఫ్లెక్సీలు కట్టినవాడు, కటౌట్ ఎక్కి పాలు పోసినవాడు, పెళ్లి ముహూర్తం కూడా రిలీజ్ డేట్ చూసుకునే పెట్టించాడని మా ఇంట్లో అంటారు, అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఫోన్ చేసి విషయం చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఒరేయ్, ఏం వేసుకురావాలిరా?" అన్నాడు.

ప్రీమియర్ అని మనవాళ్లు చాలావాటిని అంటారు కాబట్టి ఒక మాట. బెనిఫిట్ షో, పెయిడ్ ప్రీమియర్ అంటే టికెట్ కొని ముందుగా చూసేవి, వాటికి ప్రభుత్వ అనుమతి కావాలి, జనం కిటకిటలాడతారు. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌ దగ్గర తొక్కిసలాటలో ఒకావిడ చనిపోయింది అలాంటి షో అప్పుడే. నేను చెప్పేది పాసులు ఉన్నవాళ్లకి మాత్రమే వేసే షో గురించి. దీంట్లో తోపులాట ఉండదు. ఇంకా చాలా ఉండవు, వస్తున్నా.

గేటు దగ్గర క్యూఆర్ కోడ్ చూసి, ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించి లోపలికి పంపారు. ఎర్ర తివాచీ, లోగోల తెర, దాని ముందు ముప్పై మంది ఫొటోగ్రాఫర్లు "సార్ ఇటు సార్", "మేడమ్ ఒక్క స్మైల్" అని ఒకటే అరుపులు. మేం రాగానే కెమెరాలన్నీ కిందికి దిగాయి. నేను గబగబా నడిచాను. బావ మాత్రం తెర ముందు ఆగి, కాలరు సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లలో ఒకతను నవ్వి ఒక ఫొటో కొట్టాడు. ఆ ఫొటో ఎక్కడుందో మాకు తెలీదు గానీ బావకి దాని గురించి దిగుల్లేదు, తీశారుగా అంటాడు.

షో ఎనిమిదిన్నరకి అన్నారు, మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర. హీరోగారు లేటు అనుకుంటారు జనం, ఆయన ముందే వచ్చేశాడు. ఇప్పుడు రీలు పెట్టెలు లేవు, సినిమా తాళం వేసిన ఫైలుగా వస్తుంది. ఆ తాళం తీసే కీ వేరుగా వస్తుంది, అది ఒక్కో థియేటర్ సర్వర్‌కి విడివిడిగా, ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా అని తయారుచేసి పంపుతారు. చివరి నిమిషం దాకా రీరికార్డింగ్‌లో, గ్రాఫిక్స్‌లో మార్పులు జరుగుతుంటే ఫైలు మారుతుంది, దాంతోపాటు కీ కూడా. ఆ రోజు కొత్త ఫైలు వచ్చింది, పాత కీ వచ్చింది. మా సూపర్‌వైజర్ మెట్ల దగ్గర ఫోన్లో ఎవరికో దణ్ణాలు పెడుతున్నాడు. లోపల మాత్రం అందరూ ఏమీ జరగనట్టు నవ్వుకుంటూ పాప్‌కార్న్ తింటున్నారు, అది ఫ్రీ. "మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ ఊరికే ఇప్పించాడంటే మావాడు మామూలోడు కాదురా" అన్నాడు బావ.

ఇక లోపల ఉండనివి. ఈలలు ఉండవు. హీరో ఎంట్రీ వచ్చింది, డాల్బీ అట్మాస్‌లో నెత్తి మీద ఉరుము ఉరిమినట్టు సౌండు, హాలంతా చప్పట్లు కొట్టింది, బడిలో ప్రైజులు ఇచ్చేటప్పుడు కొడతారే, అట్లా. బావ రెండు వేళ్లు నోట్లో పెట్టి, అటూఇటూ చూసి తీసేశాడు. ఇంకో చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. తర్వాత తెలిసింది, రెండు జేబుల నిండా చింపిన కాగితాలు తెచ్చుకున్నాడు, విసరడానికి. మెటల్ డిటెక్టర్‌కి కాగితాలు ఏం దొరుకుతాయి. లాస్ ఏంజెలెస్‌లోని చైనీస్ థియేటర్‌లో ఆర్ఆర్ఆర్ వేసినప్పుడు తెల్లోళ్లు తెర ముందుకెళ్లి నాటు నాటుకి గంతులేసిన వీడియోలు చూసే ఉంటారు. 2023 జనవరి 9న అక్కడ వేసిన షోకి 932 సీట్లు 98 సెకన్లలో అయిపోయాయి. వాళ్లు టికెట్ కొనుక్కున్న జనం, వాళ్లకి మొహమాటం లేదు. ఇక్కడ పక్క సీట్లో డైరెక్టర్ భార్య, ముందు సీట్లో ఇంకో నిర్మాత. ఎవరు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోన్ చూశారో అందరూ గమనిస్తుంటారు, అందుకని ఎవరూ తేలిగ్గా కూర్చోరు.

అందరికంటే టెన్షన్ హీరోదే. ఆయన కూర్చోలేదు. సినిమా సగంపైన పక్క తలుపు దగ్గర చీకట్లో గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు, తెరకేసి కాదు, మాకేసి చూస్తూ. నా సీటు అంచున ఉంది కాబట్టి కనిపించాడు. కామెడీ సీన్‌కి ముందు గడ్డం గోక్కునేవాడు, నవ్వు వినపడ్డాక చెయ్యి కిందికి దించేవాడు. పెద్దపెద్ద డైలాగులు చెప్పే మనిషి, అక్కడ ఇంటర్ రిజల్ట్స్ కోసం ఆగినవాడిలా ఉన్నాడు. నిజం చెప్పాలంటే నేను సినిమాకంటే ఆయన్నే ఎక్కువ చూశాను. నా నాలుగు సెకన్లు మాత్రం వదల్లేదు. సెకండాఫ్‌లో గూడ్స్ యార్డు ఫైట్, వాన, ఆయన పెట్టె మీంచి పెట్టె మీదికి దూకుతాడు. వైరు లేదు. బావని మోచేత్తో పొడిచాను. "ఏంది?" అన్నాడు, ఆపాటికి షాట్ అయిపోయింది.

రోలింగ్ టైటిల్స్‌కి మామూలు షోలో హాలు ఖాళీ అవుతుంది కదా, ఇక్కడ వెనక వరసలన్నీ కదల్లేదు. పేర్లు వస్తుంటే స్టిక్కర్లు పీకేసి ఫొటోలు తీసుకున్నాం, బౌన్సర్లు కూడా చూడనట్టు ఊరుకున్నారు. నేను చూసినవాటిల్లో నాకు బాగా నచ్చింది అదొక్కటే.

బయట తలుపు దగ్గర హీరో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి పంపిస్తున్నాడు. తెర మీద ఉన్నంత పొడుగు లేడు. ముందువాళ్లంతా "చింపేశారు సార్", "బ్లాక్‌బస్టర్ సార్" అంటూ వెళ్తున్నారు, ఆయన అందరికీ ఒకేలా తలూపుతున్నాడు. బావ వంతు వచ్చింది. ఇరవై ఏళ్ల అభిమానం, కాళ్ల మీద పడతాడేమోనని నా భయం. చెయ్యి పట్టుకుని, "అన్నా, బాగుంది. సెకండాఫ్ లాగింది" అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. హీరో చెయ్యి వదల్లేదు. "ఎక్కడ తమ్ముడూ?" అన్నాడు. "యార్డులో వాణ్ణి కొట్టేశావు కదన్నా, అయిపోయిందనుకున్నాం, మళ్లీ నలుగురొచ్చారు, మళ్లీ వాన, మళ్లీ దూకుడు. మా ఊళ్లో అయితే అక్కడ సిగరెట్‌కి లేస్తారు" అన్నాడు బావ, కిరాణా కొట్లో బియ్యం బాగోలేదని చెప్పినంత మామూలుగా. మేనేజర్ బావ భుజం మీద చెయ్యేశాడు, హీరో ఆ చెయ్యి తీసేసి, "ఇంకా?" అన్నాడు. ఒక నిమిషం మాట్లాడుకుని ఉంటారు. తర్వాత బయట మైకులవాళ్లు అడిగితే మాత్రం బావ తడుముకోకుండా "బ్లాక్‌బస్టర్, రాసి పెట్టుకోండి" అన్నాడు. అదేందని అడిగితే, "ఇంట్లో మాట వేరు, బజార్లో మాట వేరురా" అన్నాడు. జేబుల్లో కాగితాలు పొద్దున్నే సుదర్శన్ థియేటర్‌లో ఖర్చు చేశాడు.

సోమవారం సినిమాకి పదకొండు నిమిషాల ట్రిమ్ పడింది. ఎడిటర్, డిస్ట్రిబ్యూటర్లు, రివ్యూలు, ఎవరి మాట మీద తీశారో దేవుడికెరుక, కానీ తెనాలిలో మాత్రం అది మా బావ చెప్పబట్టే జరిగిందని ఖాయమైపోయింది. కొత్త ఫైలులో ఏమేం పోయాయో మా సూపర్‌వైజర్ ఆఫీస్ గ్రూపులో లిస్టు పెట్టాడు. యార్డు ఫైట్ రెండో సగం మొత్తం లేచిపోయింది, నా 96 ఫ్రేములతో సహా. ఓటీటీలో అయినా వేస్తారేమో అని చూశాను, అక్కడా చిన్నదే పెట్టారు.

బావకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.