ప్రశ్నావళిలో ఆ ఒక్క గడి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, నీ డి.ఎం. వైద్య పట్టా థీసిస్ కోసం కోనసీమ ఊళ్లలో, కాలేయానికి కొవ్వు పట్టే ఫ్యాటీ లివరు జబ్బు మీద సర్వే చేయబోతున్నావని, లంక గ్రామాలను కూడా వదలనని పట్టుబట్టావని చెప్పాడు. సంతోషించాను, ఆ తరువాత నిద్ర పట్టలేదు. వరద రోజుల్లో పంటు ఎక్కి ఏటి అవతలకు వెళ్లవలసిన అవసరం ఏమొచ్చిందని నేను అడగను. అడిగినా నువ్వు వినవు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాత్రం చీకటిపడ్డాక గోదావరి దాటవద్దు. రక్త నమూనాలు పాడైతే మర్నాడు మళ్లీ తీసుకోవచ్చు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, వైద్య పరిశోధనల జాతీయ పట్టిక సి.టి.ఆర్.ఐ.లో నమోదు తొలి మనిషిని చేర్చుకోకముందే పూర్తి కావాలి. ఎంతమందిని చూడాలో గణాంకాలు తెలిసినవారిని ఇప్పుడే అడుగు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేసేముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు కనుక నువ్వు తెల్లవారగానే శిబిరం పెడతావు. సరిగ్గా ఆ వేళకే కొబ్బరి దింపు కార్మికులు తోటల్లోకి వెళ్లిపోతారు, రాత్రంతా చేపల చెరువులకు కాపలా కాసినవాళ్లు నిద్రకు ఉపక్రమిస్తారు. అరుగుల మీద తీరికగా కూర్చున్నవాళ్లే నీ దగ్గరకు వస్తే అది ఊరి సర్వే కాదు, అరుగుల సర్వే అవుతుంది.

ఇవన్నీ చెప్పడానికి నీకు గురువులున్నారు. నేను కలం పట్టింది తాగుడు గురించి అడిగే గడి కోసం.

మన రాష్ట్రంలో 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ కాలంలో నేను పనిచేస్తున్న ఆసుపత్రికి, కాలేయం మచ్చకట్టి గట్టిపడే సిర్రోసిస్ ముదిరి, పొట్ట నిండా నీరు చేరి వచ్చే రోగుల వివరాలన్నీ ఒక పెద్ద రిజిస్టరులో రాసి పెట్టేవాణ్ని. హెపటైటిస్ బి పరీక్ష చేయించేవాణ్ని, అప్పటికి కొత్తగా వచ్చిన సి పరీక్షకు వీలైనంతమంది నమూనాలు బయటికి పంపేవాణ్ని. ఆ తరువాత "మందు అలవాటుందా?" అని అడిగేవాణ్ని. "లేదండి" అనేవారు. ఆ గడిలో "లేదు" అని రాసి పేజీ తిప్పేవాణ్ని. చివరకు సగానికి పైగా రోగుల పేర్ల ఎదుట జబ్బుకు కారణం తెలియదని తేలింది. అది నా తెలివితక్కువతనమని తోచకపోగా, మన డెల్టా నీటిలోనో మట్టిలోనో ఏదో విశేషం ఉందని నాకు తోచింది. వైద్యుల సభలో ఆ మాటే చెప్పాను, చప్పట్లు కొట్టారు. వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "వీరిలో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి.కి రెండింతలు దాటినవారు ఎంతమంది బాబూ?" అని అడిగారు. ఆ రెండూ కాలేయానికి చేసే రక్తపరీక్షలే, నా రిజిస్టరులో ఉన్నవే. లెక్క వేయలేదన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా కూర్చున్నారు.

నిషేధం ఎత్తేశాక ఒకరోజు, నా రిజిస్టరులోని ఒక కౌలు రైతు భార్య మరణ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చింది. మాటల మధ్య, "ఆయన యానాం వెళ్లని వారం లేదండి" అన్నది. యానాం పుదుచ్చేరిది, అక్కడ నిషేధం లేదు; ఆ సంగతి డెల్టాలో పసిపిల్లవాడికీ తెలుసు, రిజిస్టరు రాసేటప్పుడు నాకొక్కడికే తెలియలేదు. మరి ఆ రోజు చెప్పలేదేమమ్మా అని కొంచెం కోపంగానే అడిగాను. "నేను పక్కనే నించున్నానండి. మీరు నన్ను అడగలేదు కదండీ. ఆయనేమో పోలీసులకు చెప్తారని భయపడ్డాడండి. అయినా మీరు మందు అన్నారు, కల్లు సంగతి అడగలేదండి."

ఆ రాత్రి రిజిస్టరు తీసి, పెద్దాయన అడిగిన లెక్క వేశాను. కారణం తెలియదని రాసిన పేజీల్లో ఎక్కువ భాగం రెండింతలు దాటినవే, అలా దాటడం తాగుడును అనుమానించవలసిన గుర్తు. నా చేతిరాతతోనే ఉన్నాయి. వ్యాసం తప్పు కావడం పెద్ద విషయం కాదమ్మా, చించి పారేయవచ్చు. సిర్రోసిస్ ముదిరినవాడు కూడా తాగుడు మానితే ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంది. కారణం తెలియదని రాసుకున్నాను కనుక, మానమన్న మాట నేను ఆ రైతుకు చెప్పనే లేదు. నీళ్లు తీశాను, ఉప్పు తగ్గించమన్నాను, మాత్రలిచ్చాను. ఇన్నేళ్లయినా ఆమె నిలబడిన తీరు గుర్తుంది.

నీ సర్వేకు ఇది ఇంకా ముఖ్యం. 2023లో ఫ్యాటీ లివరు జబ్బుల పేర్లు మార్చినప్పుడు గీత గీసింది ఆల్కహాలు గ్రాముల మీదనే: మగవాడు రోజుకు 30 గ్రాముల లోపు తాగితే ఒక పేరు, 30 నుంచి 60 దాకా ఇంకొక పేరు, 60 దాటితే అది తాగుడు జబ్బే, ఆడవారికి ఈ హద్దులు 20, 50. మన దుకాణాల్లో దొరికే విస్కీ క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 42.8 శాతం, లెక్క వేస్తే సుమారు 60 గ్రాములు. అంటే రోజూ ఒక్క క్వార్టరు దాచినవాడు నీ పట్టికలో ఈ చివరి నుంచి ఆ చివరికి మారిపోతాడు. కనుక "మందు" అన్న మాట వాడకు. అది ఔషధమో సారాయో కూడా తేలని మాట. కల్లు ఎన్ని ముంతలు, బీరు ఎన్ని సీసాలు, క్వార్టర్లు వారానికి ఎన్ని అని విడివిడిగా అడుగు. ఆడవాళ్లనూ అడుగు. భార్యాభర్తలను వేరువేరుగా కూర్చోబెట్టు. మగవాళ్లను నువ్వు కాక, వాళ్ల వయసు మగ కార్యకర్త అడిగితే మంచిది. నువ్వు ఫలానావారి మనుమరాలివన్న గౌరవంతోనే నీకు అబద్ధం చెబుతారు. కొందరి రక్తంలో ఫాస్ఫాటిడైల్ ఇథనాల్ చూడగలిగితే గడచిన రెండుమూడు వారాల తాగుడు బయటపడుతుంది, కాని ఆ పరీక్ష చేస్తున్నామని సమ్మతి పత్రంలో స్పష్టంగా రాయి. దొంగతనంగా మాత్రం చేయవద్దు.

సమ్మతి అంటే గుర్తొచ్చింది, మనవాళ్ల "ఆయ్" నమ్మకు. అది మర్యాద, ఒప్పుకోలు కాదు. ఖమ్మం జిల్లాలో 2010లో ఆపివేసిన టీకా అధ్యయనంలో ఎందరో బాలికల సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టింది హాస్టలు వార్డెన్లు. సర్పంచి ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు. చదివి వినిపించాక, ఏం చేయబోతున్నామో వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకో.

తాగుడు తరువాత మనవాళ్లు దాచేది పసరు. కామెర్లకు నేల ఉసిరి మింగినవాడు ఆ సంగతి డాక్టరుకు చెప్పడు, మనం తిడతామని. తిట్టకు. ఆ మొక్కను మద్రాసులో శాస్త్రీయంగానే పరీక్షించి, హెపటైటిస్ బి ఉన్న 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. నేనూ ఎగిరి గంతేశాను. తరువాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. కనుక నీకు తొలి ఊళ్లో ఏదైనా అద్భుతం కనబడితే, దాన్ని ఎవరికీ చెప్పకముందు ఇంకో రెండు ఊళ్లు తిరుగు.

1996 నవంబరు తుపానులో నా కాగితాలు కొన్ని తడిసిపోయాయి, ఆ రిజిస్టరు మాత్రం మిగిలింది. నువ్వు వచ్చినప్పుడు అటక మీది నుంచి దింపి ఇస్తాను. అంతకుముందు నీ ప్రశ్నావళి ముసాయిదా పోస్టులో పంపు. ఫోనులో అక్షరాలు కనబడటం లేదు. మొత్తం అక్కర్లేదు, తాగుడు గురించి అడిగే పేజీ చాలు.

మీ పెదనాన్న