చిన్న మోటారుకి బ్రష్ హోల్డర్ ఇంట్లో చేసుకోవచ్చా? పెన్ను స్ప్రింగు సరిపోతుందా?

12 వోల్టుల చిన్న డీసీ మోటారులో బ్రష్ (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్క) హోల్డర్ విరిగిపోయింది, 3డీ ప్రింటర్లో ఆ బ్రష్ కూర్చునే గూడు ప్రింట్ చేసి వెనకాల పెన్ను స్ప్రింగు పెట్టేస్తే సరిపోతుందా, అంతకంటే చవకైన దారి ఉందా అని అడిగారు. సరిపోదు. నేను సరిగ్గా ఇదే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చవగ్గా చేయొచ్చు, తప్పకుండా చేయొచ్చు, కానీ డబ్బు ఎక్కడ మిగుల్చుకోవాలో, ఎక్కడ మిగుల్చుకోకూడదో తెలియాలి.

నాది సర్క్యూట్ బోర్డులకు చిల్లులు పెట్టుకునే చిన్న డ్రిల్లు. లోపల 12 వోల్టుల మోటారు. ప్లాస్టిక్ హోల్డర్ ఒక చెవి విరిగి బ్రష్ పక్కకి వాలిపోయింది. పాత గూడు కొలతలు తీసుకుని పీఎల్ఏలో (3డీ ప్రింటర్లకి వాడే మామూలు ప్లాస్టిక్) కొత్తది ప్రింట్ చేశాను. పాత స్ప్రింగు ఒకటి ఎక్కడో ఎగిరిపోయింది, అందుకని రెండు పెన్నులు విప్పి వాటి స్ప్రింగులు పెట్టాను. వెనక చిన్న ఇత్తడి మూత, ఆ మూతకి వైరు. అంటే కరెంటు వైరు నుంచి మూతకి, మూత నుంచి స్ప్రింగుకి, స్ప్రింగు నుంచి బ్రష్‌కి రావాలి. బ్రష్‌కి తోకలా వేలాడే అల్లిక రాగి తీగ ఉంటుంది చూడండి, అది గూట్లో అడ్డం పడుతోందని కత్తిరించేశాను. అప్పట్లో ఆ తీగ ఎందుకుందో నేను ఆలోచించనే లేదు.

ఖాళీగా పది నిమిషాలు తిప్పాను. చక్కగా తిరిగింది, రవ్వలు లేవు, వేడి కూడా పెద్దగా లేదు. పని అయిపోయిందనుకుని బోర్డు మీద చిల్లులు మొదలుపెట్టాను. నాలుగో చిల్లు దగ్గర వేగం తగ్గింది, నేను కాస్త గట్టిగా నొక్కాను. పక్కన కూర్చున్న మా తమ్ముడు "అన్నయ్యా, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అన్నాడు, నేను బిట్టు వేడెక్కి ఉంటుందిలే అని ఇంకో చిల్లు పెట్టాను. అంతే, కమ్యుటేటర్ (షాఫ్ట్ మీద బ్రష్‌లు ఆనే రాగి ముక్కల వలయం) చుట్టూ పసుపు రంగు రవ్వలు గుండ్రంగా తిరిగాయి, మోటారు ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక స్ప్రింగు గోధుమ రంగుకి తిరిగి, సగం పొడవుకి కుంగిపోయి ఉంది. గూడు మెత్తబడి ఒక పక్కకి ఒరిగి, బ్రష్‌ని అలాగే పట్టేసుకుంది. వేలితో నెట్టినా బ్రష్ కదల్లేదు.

ఇక్కడ నేను రెండు రోజులు వృథా చేశాను. బ్రష్ నాసిరకం అనుకుని వేరే బ్రష్ తెచ్చాను, గూడు మళ్లీ ప్రింట్ చేశాను, మళ్లీ పెన్ను స్ప్రింగే పెట్టాను. మళ్లీ అదే వాసన. అప్పుడు గానీ మల్టీమీటరు తీయాలని తోచలేదు. ఒక కొస ఇత్తడి మూతకి, ఇంకో కొస బ్రష్‌కి ఆనించి, షాఫ్ట్‌ని చెక్కముక్కతో కొంచెం ఆపుతూ లోడ్ పెట్టి చూశాను. 3 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క స్ప్రింగు మీదే 1.8 వోల్టులు పడుతోంది! అలాంటివి రెండు. 12 వోల్టులు ఇస్తుంటే మోటారు దాకా చేరేది ఎనిమిదిన్నర కూడా లేదు.

లెక్క వేస్తే ఇందులో వింత ఏమీ లేదు. ఆ స్ప్రింగు తీగ మందం 0.4 మిల్లీమీటర్లు, విప్పి చాపితే పన్నెండు సెంటీమీటర్ల పైనే. అది స్టెయిన్‌లెస్ స్టీలు, విద్యుత్తుని రాగి కంటే నలభై రెట్లు ఎక్కువగా అడ్డుకునే లోహం. అంత సన్నని, అంత పొడుగు తీగలో అర ఓమ్ పైన నిరోధం ఉండటం సహజమే. 0.6 ఓమ్ అనుకుంటే 3 ఆంపియర్లకి 5 వాట్ల పైన వేడి, అదీ వేలిగోరంత స్ప్రింగులో. ఖాళీగా తిప్పినప్పుడు నా మోటారు 1 ఆంపియరే తీసుకుంటుంది, అప్పుడు వేడి తొమ్మిదో వంతే. అందుకే ఆ పది నిమిషాలూ ఏమీ తెలియలేదు. వేడెక్కిన స్ప్రింగు పట్టు కోల్పోతుంది, పట్టు తగ్గితే బ్రష్ సరిగా ఆనదు, ఆనకపోతే రవ్వలు, రవ్వలతో ఇంకా వేడి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి గూడు కూడా వెంటనే దాంతో పోయింది.

ఇంటర్నెట్లో ఇలాంటి హోల్డర్లు చేసి చూపించే వీడియోల మీద నాకు కోపం ఇందుకే. అందరూ మోటారుని ఖాళీగా తిప్పి "చూశారా, పని చేస్తోంది" అని ముగించేస్తారు. లోడ్ పెట్టి పావుగంట తిప్పి, తర్వాత విప్పి చూపించినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. ఖాళీగా తిరగడం పరీక్ష కాదు.

కాబట్టి నా సలహా: మిగతా అన్నింట్లో ఖర్చు తగ్గించండి, ఆ తోక తీగ మాత్రం తీయకండి. స్ప్రింగు నెట్టాలి, కరెంటు తీగలోంచి రావాలి. బ్రష్‌కి తోక లేకపోతే తోక ఉన్న పెద్ద బ్రష్ కొనుక్కుని అరగదీసుకోండి. కార్బన్ మెత్తనిది, బల్లమీద ఉప్పుకాగితం పరిచి దానిమీద రుద్దితే పది నిమిషాల్లో కావలసిన కొలతకి వస్తుంది. ఆ పొడి మాత్రం మోటారుకి, సర్క్యూట్లకి దూరంగా దులపండి, అది కరెంటుని పోనిస్తుంది. తోక పొట్టిగా ఉంటే టంకం పీల్చడానికి వాడే రాగి జడ ఉంటుంది కదా, దాన్ని అతికించుకోవచ్చు, ముందు దానికున్న ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసే పదార్థం) కడిగేయండి. టంకం జడలోకి ఎక్కువ దూరం పాకితే అది పుల్లలా బిగుసుకుపోయి, బ్రష్ అరిగే కొద్దీ ముందుకు రానివ్వదు. వదులుగా ఒక మెలిక ఉండాలి. కొన్ని మోటార్లలో కావాలనే తోకని కొలిచి పెడతారు, బ్రష్ బాగా అరిగాక తోక లాగి ఆపేస్తుంది, లోపలి లోహం కమ్యుటేటర్‌ని గీరకుండా. అది మంచి ఆలోచన, నేనూ ఇప్పుడు అలాగే పెడుతున్నాను.

స్ప్రింగు ఎంత గట్టిగా నెట్టాలి అన్నది ఊహతో చేయకండి. చిన్న మోటార్లకి బ్రష్ ముఖం చదరపు సెంటీమీటరుకి 300 గ్రాముల బరువు దగ్గర నేను మొదలుపెడతాను. నా బ్రష్ 5 బై 6 మిల్లీమీటర్లు, అంటే 0.3 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 90 గ్రాములు. చిన్న డిజిటల్ తూకం మీద స్ప్రింగుని నిలబెట్టి, గూట్లో అది ఎంత పొడవుకి కుదించుకుని ఉంటుందో అంతవరకు నొక్కితే అంకె కనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే స్ప్రింగు పొడుగ్గా, మెత్తగా ఉండాలి. మొత్తం పొడవు 14 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 6కి కుదించారనుకోండి, కుదింపు 8. బ్రష్ 6 మిల్లీమీటర్లు అరిగేసరికి మిగిలే కుదింపు 2, అంటే నెట్టే బలం నాలుగో వంతుకి పడిపోతుంది, 90 గ్రాములు కాస్తా 22. అదే 25 ఉన్నదాన్ని 10కి కుదిస్తే కుదింపు 15, అంతే అరుగుదలకి 9 మిగులుతుంది, 54 గ్రాములు ఉంటుంది. నా దగ్గరున్న పెన్ను స్ప్రింగులన్నీ మొదటి రకమే. అంటే తోక ఉన్నా కూడా పెన్ను స్ప్రింగు నాకు నచ్చదు.

గూడు విషయానికి వస్తే, ప్లాస్టిక్ మీద బ్రష్ నేరుగా జారకూడదు. ప్రింట్ చేసిన గోడల మీద పొరల గీతలుంటాయి, వాటిలో కార్బన్ పొడి ఇరుక్కుని బ్రష్ పట్టేస్తుంది. చతురస్రపు ఇత్తడి గొట్టం ముక్క ఒకటి కోసి, లోపల అంచులు ఆకురాయితో నున్నగా చేసి, దానికి తగ్గట్టు బ్రష్‌ని అరగదీయడం అన్నిటికంటే తేలిక. గొట్టం దొరక్కపోతే సన్నని ఇత్తడి రేకుని ఉక్కు కడ్డీ చుట్టూ వంచి పెట్టె చేసుకోవచ్చు. బ్రష్‌కీ గోడకీ మధ్య 0.1 మిల్లీమీటరు దాకా సందు చాలు. గూడుని నిలువుగా పట్టుకుంటే బ్రష్ తన బరువుతోనే కిందికి జారాలి, కానీ వేలితో ఊపితే టకటక కొట్టుకోకూడదు. గూడు అంచు కమ్యుటేటర్‌కి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర దూరంలో ఉండాలి. ఇంకా వెనక్కి పెడితే బ్రష్ ముందుభాగం ఆధారం లేక ఊగి అంచులు పెళ్లలుగా ఊడిపోతాయి.

ఇత్తడి గొట్టాన్ని పట్టుకునే పలకకి నేను సర్క్యూట్ బోర్డుల గ్లాస్ ఎపాక్సీ ముక్క వాడుతున్నాను, రాగి పొర తీసేసి. వేడికి మెత్తబడదు, పాడైన బోర్డు ఎవరి దగ్గరైనా ఒకటి పడి ఉంటుంది. స్క్రూ చిల్లులు గుండ్రంగా కాకుండా వంపు తిరిగిన గాడిలా కోయండి, పలకని అటూ ఇటూ కొన్ని డిగ్రీలు తిప్పుకోవడానికి. మోటారు రెండు దిక్కులా ఒకే వేగంతో తిరిగే చోట బిగిస్తే బ్రష్‌లు న్యూట్రల్ మీద, అంటే రవ్వలు అతి తక్కువగా వచ్చే చోట, ఉన్నట్టు. ఈ చిన్న గాడి వల్ల నాకు రవ్వలు సగానికి తగ్గాయి.

మీ మోటారు ఒకటి, ఒకటిన్నర ఆంపియర్ల లోపుదైతే గూడు, స్ప్రింగు, తోక ఏవీ అక్కర్లేదు, ఫాస్ఫర్ బ్రాంజ్ (రాగి, తగరం కలిసిన, స్ప్రింగులా వంగే లోహం) పట్టీ ఒక్కటి చాలు. పాత రిలేలు విప్పితే అలాంటి పట్టీలు దొరుకుతాయి. ఒక కొస పలకకి బిగించి, ఇంకో కొసని చిన్న పిడికిలిలా వంచి బ్రష్‌ని అందులో బిగించేయడమే. స్ప్రింగే కరెంటు మోయకూడదని ఇంతసేపు చెప్పి ఇదేంటి అంటారేమో. తేడా లోహంలోనూ కొలతలోనూ ఉంది. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మందం, 20 పొడవున్న ఆ పట్టీ నిరోధం ఓమ్‌లో మూడు వందల వంతు కూడా ఉండదు, పెన్ను స్ప్రింగు కంటే వందల రెట్లు తక్కువ. బొమ్మల మోటార్లలో దశాబ్దాలుగా ఇలాంటి పట్టీయే ఉంది. కాకపోతే అరగడానికి రెండు మూడు మిల్లీమీటర్ల కార్బనే దొరుకుతుంది.

బ్రష్ రకం గురించి కూడా ఒక మాట. డ్రిల్ మెషిన్లలో వచ్చే నల్లని గ్రాఫైట్ బ్రష్‌లు కమ్యుటేటర్ దగ్గర ఒక్కోటి సుమారు 1 వోల్టు తినేస్తాయి. 230 వోల్టుల్లో రెండు పోతే లెక్కలోకి రాదు, 6 వోల్టుల మోటారులో రెండు పోతే మూడో వంతు పోయినట్టు. తక్కువ వోల్టేజీకి రాగి కలిపిన గ్రాఫైట్ తీసుకోండి, అరగదీస్తే ఎర్రగా మెరుస్తుంది, గుర్తుపట్టడం తేలిక. అసలు మొదట్లో ఇవి నిజంగా రాగి తీగల కుచ్చులే, బ్రష్ అనే పేరు అలా వచ్చింది. 1885లో జార్జ్ ఫోర్బ్స్ కార్బన్‌కి పేటెంటు తీసుకున్నాక గానీ కమ్యుటేటర్లకి ఆ గీరుడు బాధ తప్పే దారి దొరకలేదు.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఒకప్పటి కుట్టు మిషన్ మోటార్లకి రెండు పక్కలా స్క్రూ మూతలు ఉండేవి, నాణెంతో తిప్పితే బ్రష్ చేతిలోకి వచ్చేది. ఇప్పుడు వచ్చే చిన్న మోటార్లు చాలావరకు రేకు వంచి మూసేసినవే, చిటికెడు కార్బన్ అరిగినందుకు ఆర్మేచర్, వైండింగ్, బేరింగులు అన్నీ బాగున్న మోటారుని పారేయాలి. మీరు హోల్డర్ సొంతంగా చేస్తున్నారు కాబట్టి దయచేసి వెనక మూత స్క్రూతో పెట్టండి, జిగురుతో అతికించకండి.

బిగించాక, కమ్యుటేటర్ చుట్టూ సన్నరకం ఉప్పుకాగితాన్ని గరుకు వైపు బయటికి వచ్చేలా చుట్టి, షాఫ్ట్‌ని చేత్తో తిప్పితే బ్రష్ ముఖం ఆ వంపుకి కుదురుతుంది. తర్వాత పొడి పూర్తిగా ఊదేయండి. ఎమెరీ కాగితం వద్దు, దాని రేణువులు రాగి ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కుంటాయి. కొన్నాళ్లకి కమ్యుటేటర్ మీద చాక్లెట్ రంగు పొర కనిపిస్తుంది, మురికి అనుకుని చాలామంది తోమేస్తారు, కొందరు నూనె కూడా వేస్తారు. ఆ పొరే అరుగుదల తగ్గించేది, దాన్ని ముట్టుకోవద్దు, నూనె అసలే వద్దు.

నా డ్రిల్లులో ఇప్పుడు ఇత్తడి గొట్టం, గ్లాస్ ఎపాక్సీ పలక, పొడుగు స్ప్రింగు, రాగి జడ తోక ఉన్నాయి. అదే 3 ఆంపియర్ల దగ్గర మూత నుంచి బ్రష్ దాకా కొలిస్తే మల్టీమీటరు వోల్టులో వందో వంతు కూడా చూపించడం లేదు. మీ మోటారు లోడ్ మీద ఎంత కరెంటు తీసుకుంటోందో, బ్రష్ కొలత ఎంతో కామెంట్లో రాయండి, పట్టీ సరిపోతుందా, గొట్టం కావాలా అన్నది అప్పుడు చెబుతాను.