నాన్నగారి కారు బంపర్లు అడగకుండా విప్పేశాను, మూడు వారాలుగా మాటల్లేవు

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నాకు 27 ఏళ్లు. నాన్నకు 1976 మోడల్ ఎంజీబీ ఉంది, బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో కొనుక్కున్నారు. నాకు గేర్లు మార్చడం నేర్పింది కూడా దాని మీదే. ఈ చలికాలం ఆయన ఇండియా వెళ్లినప్పుడు, వచ్చేసరికి సర్‌ప్రైజ్ చేద్దామని నల్ల రబ్బరు బంపర్లు రెండూ విప్పేసి, క్రోమ్ బంపర్ల కిట్ తెప్పించాను. హెడ్‌లైట్లకీ ఇండికేటర్లకీ ఎల్‌ఈడీ బల్బులు పెట్టాను. ఫెండర్లు (చక్రాల పైనుండే రేకు భాగాలు) కోసి వెల్డింగ్ చేయించడానికి వచ్చే నెలకు బాడీ షాపులో తేదీ కూడా తీసుకున్నాను. నాన్న ముందే వచ్చేశారు. కారు చూసి ఒక్క మాట అనలేదు, దుప్పటి తెచ్చి కప్పేశారు. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు. పని పూర్తి చేసి చూపిస్తే ఆయనకే నచ్చుతుందని నా నమ్మకం. కానివ్వమంటారా?

జవాబు: వద్దు. ఈ ఉత్తరం చదవగానే బాడీ షాపుకి ఫోన్ చేసి ఆ తేదీ రద్దు చేయించండి. ఇప్పటిదాకా మీరు చేసింది బోల్టులు విప్పడం, బల్బులు మార్చడం. మళ్లీ బిగిస్తే కారు ఎప్పటిలా అవుతుంది. ఫెండర్లకు కోత పడిందంటే ఇక కాదు.

అందులో ఎంత పనుందో కిట్ అమ్మినవాళ్లు మీకు పూర్తిగా చెప్పి ఉండరు. రబ్బరు బంపర్ మోడల్లో ముందు ఇండికేటర్లు బంపర్‌లోనే కూర్చుంటాయి. క్రోమ్ మోడల్లో హెడ్‌లైట్ కింద ఫెండర్ మీద ఉంటాయి. కాబట్టి ఫెండర్లకు కొత్త కన్నాలు కొట్టాలి, లేదా పాత మోడల్ ఫెండర్లే తెచ్చి వేయాలి. గ్రిల్ మారాలి, దాని కింది రేకు మారాలి. వెనక బంపర్ పోయిన చోట మూలల్లో ఖాళీలు బయటపడతాయి, వాటికి అతుకు ముక్కలు వెల్డ్ చేసి రంగు వేయాలి. ఇంతా చేశాక కూడా కారు ఎత్తుగా, కాళ్లమీద నిలబెట్టినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే 1974 శరదృతువులో నల్ల బంపర్లు వచ్చినప్పుడే, అమెరికా నిబంధనల ఎత్తు అందుకోవడానికి కారును అంగుళం, అంగుళంన్నర మేర పైకి లేపారు. దాన్ని దించాలంటే ముందు క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం), వెనక పట్టీ స్ప్రింగుల దగ్గర మరో విడత పని.

క్రోమ్ మీద మీకున్న ఇష్టాన్ని నేను తప్పు పట్టను. ఎంజీబీ అభిమానుల్లో చాలామంది ఓటు దానికే. కానీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఈ కార్లలో, నల్ల బంపర్లు చివరి ఆరేళ్ల గుర్తు. గంటకు ఐదు మైళ్ల వేగంతో గుద్దుకున్నా దీపాల వంటి భద్రతా భాగాలు దెబ్బతినకూడదన్న అమెరికా నిబంధన వల్ల వచ్చాయి. కొత్తగా ఈ దేశం వచ్చిన మనిషి, తన డబ్బుతో, ఆ ముఖమున్న కారునే ఎంచుకున్నారు. మీకు అందవికారంగా కనబడినది ఆయనకు ఆ రోజుల జ్ఞాపకం కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఏదైనా, అది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. మీరు అడగలేదు. ఆయన బాధ బంపర్ గురించి కంటే దీని గురించే ఎక్కువని నాకనిపిస్తోంది.

క్షమాపణ చెప్పేటప్పుడు ‘మీకోసమే చేశాను’ అనే మాట రానీయకండి. అది ఆయన మీద బరువు పెడుతుంది. ‘నాన్నా, అడగకుండా మీ కారు ముట్టుకున్నాను, తప్పు నాదే. బంపర్లు భద్రంగా ఉన్నాయి, ఏదీ కోయలేదు’ అని చెప్పి ఊరుకోండి. బదులు రాకపోయినా తొందరపడొద్దు. అమ్మగారిని మధ్యవర్తిగా పంపొద్దు, ఆవిడ ఇద్దరి మధ్యా నలిగిపోతారు. కోయలేదన్న మాట మాత్రం ఈరోజే చెప్పండి, దుప్పటి కింద ఏం జరిగిందోనని ఆయన ఊహించుకుంటూ ఉండొచ్చు.

తర్వాత చేతిపని. పాత బంపర్లు రంగు వెలిసి బూడిద రంగుకు తిరిగి ఉంటే, వాటిని బాగు చేయండి. పేరుకు రబ్బరు గానీ అది ఉక్కు చట్రం మీద పోసిన పాలీయురెథేన్, ఎండకు పైపొర చచ్చిపోతుంది. గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడగండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాత పాలిష్‌లోని సిలికాన్ మిగిలితే రంగు చేపకళ్లలా విడిపోతుంది. 400, ఆపైన 600 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, ప్లాస్టిక్‌కు రంగు పట్టించే ప్రైమర్ ఒక పూత, వంగినా పగలని సాటిన్ (తక్కువ మెరుపు) నలుపు మూడు పలచటి పూతలు. ఒకే దళసరి పూత వేస్తే మొదటి చలికే పగులుతుంది. తిరిగి ఎక్కించడం మాత్రం ఒక్కరివల్ల కాదు, బరువెక్కువ. ఒకరు ఎత్తి పట్టుకోవాలి, ఒకరు బోల్టు వేయాలి. నాన్నగారిని సాయం అడగడానికి ఇంతకంటే సహజమైన సందర్భం దొరకదు.

ఎక్కించేముందు వైర్లు చూడండి. బ్యాటరీ సీట్ల వెనక ఉంటుంది, ముందు నెగెటివ్ విప్పండి. ముందు ఇండికేటర్‌కు వచ్చేవి: ఎడమకు ఆకుపచ్చ మీద ఎర్రగీత, కుడికి ఆకుపచ్చ మీద తెల్లగీత, పార్కింగ్‌కు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. బుల్లెట్ కనెక్టర్లు (వైర్ల చివర ఒకదానిలో ఒకటి దూరే గుండ్రటి లోహపు మొనలు) పచ్చగా తుప్పు పట్టి ఉంటే చిన్న ఇత్తడి బ్రష్‌తో గీకి, డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి. బ్యాటరీ తగిలించి దీపం వెలిగించాక, దీపం ఎర్త్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్ట్ మీటర్ పెడితే 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే లోపం బల్బుది కాదు, ఎర్త్‌ది.

మీరు పెట్టిన ఎల్‌ఈడీలు తీసేయండి. హాలోజెన్ తీగ వెలిగే చోటుకు సరిపోయేలా చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, అమెరికా రోడ్ల మీద చట్టసమ్మతమూ కాదు. ఏడంగుళాల హెచ్6024 హాలోజెన్ సీల్డ్‌బీమ్ (బల్బు, గిన్నె, అద్దం ఒకే ముక్కగా ఉండే దీపం) చాలు. ఇండికేటర్లు మిణకకుండా అలాగే వెలిగి ఉంటున్నాయా? పాత ఫ్లాషర్‌లో (ఇండికేటర్‌ను మిణికించే డబ్బీ) పట్టీ వేడెక్కి విడిపోవాలి, ఎల్‌ఈడీ లాగే కరెంటు అందుకు చాలదు. పాత బల్బులు పెడితే అదే సర్దుకుంటుంది.

వెలుతురు తక్కువన్నది మీ అసలు ఫిర్యాదైతే, దాని మందు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు. ఈ కారులో హెడ్‌లైట్ కరెంటంతా ఫ్యూజు లేకుండా స్టీరింగ్ పక్కనున్న స్విచ్‌లోంచే పోతుంది. దారిలో పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. డిప్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, రెండు 30 ఆంపియర్ల రిలేలు. స్టార్టర్ దగ్గరి లావు గోధుమరంగు వైరు నుంచి, ఫ్యూజు పెట్టి, 12 గేజీ తీగతో. పాత స్విచ్ వైర్లు రిలేలను ఆన్ చేయడానికి మాత్రమే. ఒక్క వైరు కూడా కోయకుండా, వద్దనుకుంటే అరగంటలో విప్పేసేలా చేయండి. ఇది కూడా ఆయన ‘సరే’ అన్నాకే.

క్రోమ్ కిట్‌ను వెనక్కి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే అటక మీద పెట్టండి. ఏడాది తర్వాత నాన్నగారే ఆ మాట ఎత్తితే అప్పుడు చూద్దురు గాని, మీరు మాత్రం ఎత్తొద్దు.

చివరగా దీపాల గురి. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి, హెడ్‌లైట్ నడిమి ఎత్తున గోడ మీద టేపు అంటించండి. డిప్ వెలుతురు పైఅంచు ఆ టేపుకు రెండంగుళాలు కిందుండాలి. చుట్టూ ఉన్న క్రోమ్ రింగు తీస్తే పై స్క్రూ ఎత్తుకు, పక్క స్క్రూ అటూఇటూ తిప్పడానికి. పెట్రోలు సగం ట్యాంకు ఉండాలి. డ్రైవర్ సీట్లో మనిషి బరువు కూడా ఉండాలి, లేకపోతే గురి తప్పుతుంది. ఆ సీట్లో నాన్నగారిని కూర్చోమనండి. స్క్రూడ్రైవర్ మీరు పట్టుకోండి. ఇంకొంచెం దించు, చాలు అని ఆయనే చెప్పనివ్వండి.