చేనేత జంపఖానా కొనేటప్పుడు ఏం చూడాలి? ఇంట్లో ఎలా ఉతకాలి?

కొత్త ఇంటి హాల్లోకి చేత్తో నేసినదేదైనా పరుద్దామనుకుంటున్నామని, తివాచీ మేలా జంపఖానా మేలా అని, అసలైన చేనేతను ఎలా గుర్తుపట్టాలని అడిగారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారని కూడా రాశారు కాబట్టి నా ఓటు జంపఖానాకే.

మా అత్తగారిది వరంగల్. పెళ్ళయిన దగ్గర్నుంచి మూడు జంపఖానాలు కొన్నాను. ఒకదానితో మోసపోయాను, ఒకటి నా చేతులారా పాడుచేశాను, మూడోది పదమూడేళ్ళుగా హాల్లోనే ఉంది.

తివాచీకి పైన బొచ్చు ఉంటుంది. పడుగు దారాలకు, అంటే మగ్గం మీద నిలువుగా ఉండే దారాలకు, ఒక్కో ముడి వేసి, కొసలు కత్తిరిస్తే ఆ బొచ్చు వస్తుంది. ఏలూరు ఉన్ని తివాచీలు ఆ రకమే. చూడ్డానికి చాలా బాగుంటాయి, కానీ పిల్లలు అందులో సాంబారు ఒలకబోస్తే ఇంట్లో శుభ్రం చేయడం మన వల్ల కాదు. జంపఖానాకు బొచ్చు లేదు. నూలు పడుగు, దానికి అడ్డంగా నేసే నూలు పేక, అంతే. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక వైపు మాసితే తిరగేసి పరుచుకోవచ్చు. బయట షాపుల్లో దర్రీ అంటారు. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వరంగల్ దర్రీల పేరుతోనే వచ్చింది. మా ఇంట్లో మాత్రం జంపఖానా అంటేనే అందరికీ అర్థమవుతుంది.

మోసపోయిన కథ ముందు చెప్తాను. ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ అతను చేనేతే అని గట్టిగా చెప్తే నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి తిరగేస్తే అడుగున రబ్బరు పూత. ఏడాది తిరిగేసరికి ఆ పూత పొడిపొడిగా రాలి, ఊడ్చినప్పుడల్లా చాట నిండా తెల్ల పిండి. కుచ్చులు కూడా విడిగా తెచ్చి కుట్టినవే. అందుకే ఇప్పుడు డిజైన్ తర్వాత చూస్తాను, ముందు కొస పట్టుకుంటాను. అసలైనదానిలో కుచ్చులంటే లోపల్నుంచి వచ్చిన పడుగు దారాలే. ఒక కుచ్చు పట్టుకుని వెనక్కి చూసుకుంటూ పోతే అది నేతలోకి వెళ్ళిపోవాలి. కుట్టు కనబడితే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

తర్వాత గోటితో పేకను పక్కకి జరిపి చూడండి. సులువుగా జరిగిందంటే వదులుగా నేశారన్నమాట, రెండేళ్ళకే జల్లెడ అవుతుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఇంకా తెలుస్తుంది. వరంగల్ కొత్తవాడలో ఒక ఇంట్లో నేస్తుండగా చూశాను. ఒక వరస పేక వేయడం, ఇనప పళ్ళున్న దువ్వెనలాంటి దాంతో దబదబా కొట్టడం, మళ్ళీ ఇంకో వరస. ఆ దెబ్బల్లోనే ఉంది గట్టిదనమంతా. చేతిలోకి తీసుకున్నప్పుడు సైజుకు తగ్గ బరువుండాలి. నేల మీద పరిచి చూస్తే మూలలు పైకి లేవకూడదు. అంచు అక్కడక్కడా పిసరంత వంకర ఉంటే నేను పట్టించుకోను, చేత్తో నేసినదంటే ఆ మాత్రం ఉంటుంది. తడి తెల్ల రుమాలుతో ముదురు రంగు మీద గట్టిగా రుద్దితే రంగు ఏపాటిదో అప్పుడే తేలిపోతుంది. నూలో కాదో అనుమానమైతే కుచ్చులోంచి ఒక పోగు అడిగి తీసుకుని కాల్చండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, సింథటిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది. చేనేత అని చెప్పే ప్రభుత్వ ముద్ర, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉంటే ఇంకా మంచిది. ఈమధ్య తెల్ల జంపఖానా మీద అద్దకం వేసినవి కూడా వస్తున్నాయి. అవీ చేనేతవే కావచ్చు, కానీ బొమ్మ ఒక వైపే ఉంటుంది కాబట్టి తిరగేసే సౌకర్యం పోతుంది.

ఇక నేను పాడుచేసినది. ఎరుపు, తెలుపు చారలది. సంక్రాంతి ముందు వేడినీళ్ళలో సర్ఫ్ వేసి రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే చూస్తే తెల్ల చారలన్నీ గులాబీ! మా అత్తగారు చూసి, "నానవెట్టుడేంది బిడ్డా, అదేమన్న మినప్పప్పా?" అన్నారు. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు. అదీ వేశాను, నా ఎరుపు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఏడాదికి ఒక్కసారే, ఎండాకాలంలో ఉతుకుతాను. ముందు పిట్టగోడ మీద వేసి కర్రతో దులపాలి. ఎంత ఊడ్చినా లోపల ఎంత ఇసుక ఉంటుందో అప్పుడు చూడాలి! ఆ ఇసుకే లోపల్లోపల దారాన్ని కోసేస్తుంది. తర్వాత డాబా మీద పరిచి, చన్నీళ్ళు, కొంచెం లిక్విడ్ సబ్బు, మెత్తటి బ్రష్. పేక వెళ్ళే దిక్కునే రుద్దాలి, దానికి ఎదురుగా రుద్దితే నూగు లేస్తుంది. పైపుతో బాగా కడిగి, పిండకుండా వైపర్‌తో నీళ్ళు లాగేయాలి. తడిసినప్పుడు విపరీతమైన బరువుంటుంది, తీగ మీద వేస్తే సాగి ఆకారం పోతుంది. గోడ మీదే నీడపట్టున ఆరేసి, మధ్యలో తిరగేయండి. మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుంటుంది, నాది నాలుగు బై ఆరడుగులది, రెండంగుళాలు తగ్గింది. హాలుకు కొలత తీసుకునేటప్పుడు అది లెక్కలో ఉంచుకోండి. వానాకాలంలో ఉతకకండి, ఆ ముక్క వాసన మళ్ళీ ఎండాకాలం దాకా వదలదు.

ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్ది, చన్నీళ్ళతో తుడవండి. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. కడిగి ఆ భాగం ఒక్కటే ఎండ తగిలేలా పెడితే రెండు మూడు రోజుల్లో చాలావరకు పోతుంది. మొత్తం ఎండలో పడేస్తే మరకతో పాటు రంగూ వెలుస్తుంది.

దాచాలంటే మడత పెట్టొద్దు, ఆ మడత దగ్గరే ముందు చిరుగుతుంది. పూర్తిగా ఆరాక చాపలా చుట్టి, పాత నూలు చీరలో కట్టి అటక మీద పెట్టండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పడుతుంది. పిల్లలున్నారు కాబట్టి కలరా ఉండలు వద్దు, ఎండిన వేపాకు చాలు.

ఒకటి మర్చిపోయా. మీ హాల్లో టైల్స్ అయితే జంపఖానా జర్రున జారుతుంది. మా మామగారు ఒకసారి పడబోయారు. అడుగున వేసే జాలీ మ్యాట్ దొరుకుతుంది, జంపఖానాతో పాటే అదీ కొనండి.