సూట్‌కేసులో ఆ మాత్ర పెట్టుకునే ముందు

మొన్న విశాఖ వెళ్ళినప్పుడు ఎంవీపీ కాలనీలో మా పిన్ని కూతురు సామాను సర్దుకుంటోంది. పెళ్ళై రెండు నెలలైంది, భర్త బర్మింగ్‌హామ్‌లో. మంచం నిండా ఆవకాయ సీసాలు, కారప్పొడి ప్యాకెట్లు, మందుల సంచి. వాళ్ళమ్మ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, సంచిలోంచి ఒక నల్ల కవరు తీసి, "అక్కా, ఇవి నాలుగు చాలా?" అని గుసగుసగా అడిగింది.

కవరు విప్పి చూశాను. మూడు పెట్టెల్లో ఒక్కో మాత్రే ఉంది, లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. అత్యవసర గర్భనిరోధక మాత్ర అంటే అదే. నాలుగో పెట్టెలో ఐదు మాత్రలున్నాయి. వెనక్కి తిప్పి చదివితే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్! అది అబార్షన్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, సొంతంగా వాడకూడదు. రెండు పెట్టెల పేర్లూ ఒకే మాటతో మొదలవుతాయి, షాపులో సిగ్గుపడి హడావుడిగా తెచ్చుకుంటే ఇలాగే అవుతుంది. అందుకే కొత్తగా ఇంగ్లండ్ వచ్చేవాళ్ళందరికీ చెబుతున్నాను, పెట్టె మీది పేరు చూసి ఊరుకోకండి, లోపల ఏ మందుందో చదవండి.

ఒక్కటిగా వచ్చే ఆ అత్యవసర మాత్ర గర్భాన్ని పోగొట్టదు. అండం విడుదలను వెనక్కి నెడుతుంది, అంతే. అండం అప్పటికే విడుదలై ఉంటే పెద్దగా పనిచేయదు. జాగ్రత్త లేకుండా కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలంటారు గానీ, మూడు రోజులున్నాయి కదా అని ఆగడానికి కాదు ఆ లెక్క. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. పిల్లలు పుట్టరని మనవాళ్ళు భయపెడతారు, అది నిజం కాదు.

నేను ఇంగ్లండ్ వచ్చిన మొదటి ఏడాది ఒకసారి వేసుకున్నాను. ఉదయం టీతో మింగి ఆఫీసుకు బయల్దేరితే, బస్టాపులో కడుపులో తిప్పి, కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని నిలబడిపోయాను. వాంతి కాలేదు. అయివుంటే లెక్క మారేది, మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. ఏదైనా తిని వేసుకుంటే కొందరికి వికారం తగ్గుతుంది. తలనొప్పి, నీరసం, రొమ్ముల్లో నొప్పి ఒకటి రెండు రోజుల్లో పోయాయి. నెలసరి మాత్రం ఆరు రోజులు ఆలస్యమైంది. ఆ ఆరు రోజులూ ఎవరికీ చెప్పుకోలేక ఎంత టెన్షన్ పడ్డానో! నెలసరి కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరగడం, మధ్యలో కాస్త రక్తం కనిపించడం ఈ మందుతో మామూలేనని అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు. వారం దాటినా రాకపోతే ఇంట్లోనే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. ఆ తర్వాతి వారాల్లో పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి వస్తే ఇంట్లో కూర్చోవద్దు. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంగ్లండ్‌లో ఈ మాత్ర దొరకదని భయం అక్కర్లేదు. ఫార్మసీలో అడిగితే పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి మాట్లాడతారు. 2025 అక్టోబరు నుంచి చాలా ఫార్మసీల్లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) తరఫున ఉచితంగానే ఇస్తున్నారు. మీవారికి గానీ అత్తగారికి గానీ చెప్పరు. వాళ్ళడిగే ప్రశ్నలకు సిగ్గుపడొద్దు, ఒక్కోదానికీ కారణం ఉంటుంది. కొన్ని ఫిట్స్ మందులు, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. బరువు 70 కిలోలు దాటితే ఒక్క మాత్ర చాలకపోవచ్చు. బరువు ఎక్కువున్నవాళ్ళకు రెండు మాత్రలో, కలిసిన ఐదు రోజుల వరకు వేసుకోగలిగే యులిప్రిస్టాల్ అనే మందో ఇస్తారు. అన్నిటికంటే గట్టిది కాపర్-టి, అక్కడ కాయిల్ అంటారు. ఐదు రోజుల్లోపు వేయించుకుంటే చాలు, తర్వాత ఏళ్ళ తరబడి పనికొస్తుంది. పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇంకో మాట. ఇవాళ వేసుకున్న మాత్ర రేపటికి కాపలా కాదు. రేపు కలిస్తే మళ్ళీ గర్భం రావచ్చు, సుఖవ్యాధులను అసలే ఆపదు. నెలనెలా దీనితోనే నెట్టుకొద్దామనుకుంటే నెలసరి గందరగోళమవుతుంది, పైగా రోజూ వేసుకునే మాత్రలంత నమ్మకమూ ఉండదు. వెళ్ళిన మొదటి వారంలోనే జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకుని, ఏ పద్ధతి మీకు నప్పుతుందో అడగండి.

ఐదు మాత్రల పెట్టె నేనే తీసేశాను. మిగతా మూడింటిలో ఒక్కటి ఉంచుకుంది, దాని మీద గడువు తేదీ చూసి మరీ. అర్ధరాత్రి అవసరం పడితే ఫార్మసీ తెరిచేదాకా ఆగక్కర్లేకుండా.