బీల బురదలో పొడుగు ముక్కు పిట్టలు: మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: అక్కా, మాది సోంపేట దగ్గర, బీల (నీళ్ళు నిలిచే తడి నేల) పక్కనే పొలం. చలికాలం వస్తే బూడిద రంగు పిట్టలు గుంపులుగా దిగుతాయి, కాళ్ళు పొడుగు, ముక్కు ఇంకా పొడుగు, ఎగిరితే రెక్క మీద తెల్ల చార, తోక చివర నలుపు. నాన్న ఉల్లంకులు అంటాడు. ఇవి తేలినీలాపురం పక్షులతో కలిసి వస్తాయా? గూళ్ళు మాత్రం ఎక్కడా కనపడవు.

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పిన గుర్తుల్ని బట్టి అవి నల్లతోక గాడ్విట్‌లు. ప్రపంచం మొత్తం మీద గాడ్విట్‌లు నాలుగే రకాలు, మన దేశానికి ముఖ్యంగా వచ్చేవి రెండు. ఇంకోటి చారల తోకది, అది సముద్రం ఒడ్డు వదిలి లోపలికి పెద్దగా రాదు, ముక్కు కొంచెం పైకి వంగి ఉంటుంది, రెక్క మీద ఆ తెల్ల చార ఉండదు. తేలినీలాపురం వాటితో వీటికి సంబంధం లేదు, అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి, గాడ్విట్ అయితే సైబీరియా వైపు తడి గడ్డి నేలల్లో కింద గుడ్లు పెట్టుకుని వస్తుంది. ఇక్కడ తిండి ఒక్కటే పని. మార్చిలో ఒకసారి జాగ్రత్తగా చూడు, మెడ, రొమ్ము ఇటుక రంగుకి తిరుగుతుంటాయి, అంటే ప్రయాణం దగ్గర పడిందన్నమాట.

ప్రశ్న: ముక్కు మొత్తం బురదలో దించేస్తే లోపల నోరెలా తెరుస్తుంది టీచర్? — తొమ్మిదో క్లాస్ అమ్మాయి, ఇచ్ఛాపురం

జవాబు: ఎంత మంచి ప్రశ్న తల్లీ! ముక్కు ఇంచుమించు 10 సెంటీమీటర్లు, దాన్ని మొహం నీళ్ళకి తగిలేదాకా దించేసి గబగబా పొడుస్తూ నడుస్తుంది. మొత్తం తెరవాల్సిన పని లేదు, చివర ఒక్కటే పట్టకారులా విడుతుంది, మిగతా ముక్కు మూసే ఉంటుంది. ఆ చివరలో స్పర్శ తెలిసే కణాలు గుత్తులుగా ఉంటాయి కాబట్టి కంటికి కనపడని పురుగుని కూడా పట్టేస్తుంది. ఇంకో సంగతి, ఆడదాని ముక్కు మగదానికంటే పొడుగు, కాబట్టి రెండూ పక్కపక్కనే మేసినా ఇది ఒక లోతులో అది ఒక లోతులో ఏరుకోగలవు.

ప్రశ్న: మా ఊళ్ళో తడి నేలలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్నారండీ. పిట్టలదేముంది, రెక్కలున్నాయి, ఇంకో చోటికి పోతాయిలే అంటున్నారు. నిజమేనా? — కవిటి మండలం

జవాబు: కాదండీ. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 2022లో ఒక చారల తోక గాడ్విట్, అదీ ఆ ఏడే పుట్టిన పిల్ల, అలాస్కా నుంచి టాస్మేనియాకి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరిందని ఒంటికి కట్టిన పరికరం ద్వారా తెలిసింది. అంత దూరం పోవాలంటే ముందు బాగా మేసి కొవ్వు పట్టాలి, బయల్దేరే ముందు బరువు తగ్గడానికి లోపల జీర్ణాశయం కూడా చిన్నదైపోతుంది. మన దగ్గరకొచ్చే నల్లతోకకి అంత పెద్ద ప్రయాణం కాదు గానీ లెక్క అదే, మేత దొరక్కపోతే ఏప్రిల్‌లో వెనక్కి పోవడానికి ఒంట్లో శక్తి ఉండదు. రొయ్యల చెరువు నీళ్ళే కదా అంటారేమో, అక్కడ నిలువు గట్టు, నడుం లోతు నీళ్ళు, ఇది కాలు మునిగేంత నీళ్ళలో నిలబడి మేసే పిట్ట.

ఇంకో చోటికి పోతాయన్న మాట దక్షిణ కొరియాలో కూడా అన్నారు. అక్కడ సేమాంగమ్ దగ్గర 2006లో 33 కిలోమీటర్ల గోడ కట్టి బురద తీరాన్ని మూసేశారు, అక్కడ వేలల్లో ఆగే గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్క తీరాలకి సర్దుకోలేదు, సంఖ్యే పడిపోయింది. గాడ్విట్‌ల చుట్టం సన్నముక్కు కర్లూ అనే పిట్ట పరిస్థితి ఇంకా ఘోరం, 1995లో మొరాకోలో కనపడిందే చివరిది, 2025లో అంతరించిపోయిందని ప్రకటించారు.

మన సోంపేట బీలని థర్మల్ ప్లాంటుకి ఇవ్వద్దని 2010లో జనం రోడ్డెక్కితే జులైలో జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వాళ్ళు పోరాడింది తమ నీళ్ళు, చేపలు, పంట కోసం, దాంతో పిట్టల మేత కూడా మిగిలింది. బరంపురం దాటి చిల్కా ఉత్తరం కొసకి, టాంగి దగ్గర మంగళాజోడికి వెళ్తే ఇంకో దారి కనపడుతుంది. ఒకప్పుడు పిట్టల్ని పట్టి అమ్మిన ఊరది, ఇప్పుడు అదే మనుషులు కాపలా కాస్తూ పడవల్లో టూరిస్టుల్ని తిప్పుతున్నారు, చలికాలంలో అక్కడ ఎక్కువగా కనపడే పిట్టల్లో నల్లతోక గాడ్విట్ ఒకటి.

మీ ఊళ్ళో చెరువులు ఆపడం మీ ఒక్కరి చేతిలో లేకపోవచ్చు. పట్టుబడి అయ్యాక చెరువు ఖాళీ చేస్తారు కదా, ఆ తడిని వెంటనే ఎండగట్టకుండా కొన్నాళ్ళు ఉంచమని అడగండి, అక్కడ దిగి మేస్తాయి. ఎవరైనా వలలు కడితే మాత్రం మొహమాటపడకుండా ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేయండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.